బందరు కోట నుండి అరోరా ఓడ వరకు: ఐరిష్ సైనికుడు ఫ్రాన్సిస్ ఫోర్డ్ జీవిత మరణములు – ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతము

ఆంధ్రదేశములో ప్రొటెస్టెంటు సంఘ చరిత్రను వ్రాయువారు సాధారణముగా 1805తో ఆరంభించెదరు. ఆ సంవత్సరమున జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ అను లండన్ మిషన్ సేవకులు విశాఖపట్టణములో పరిచర్య మొదలుపెట్టారు. గోదావరి డెల్టా సంఘముల చరిత్ర అయితే 1836లో మన దేశమునకు వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ గార్లతో మొదలవుతుంది. అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతముల సంఘములలో అనేకము ఆ పరిచర్య ఫలములే.

అయితే ఆ మిషనెరీలు వచ్చేనాటికి ఈ దేశము ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ పాలనలో ఉన్నది. అది ఎలా వారి చేతికి వచ్చింది? ఈ ప్రశ్నకు జవాబు వెదుకుతూ వెళ్లితే మనకు ఒక ఐరిష్ సైనికుడు ఎదురవుతాడు. ఆయన పేరు కల్నల్ ఫ్రాన్సిస్ ఫోర్డ్. 1758–59 సంవత్సరములలో చందుర్తి యుద్ధమును, బందరు కోటను గెలిచి కోస్తా ఆంధ్ర భవిష్యత్తును మార్చినవాడు ఆయనే. పది సంవత్సరముల తరువాత, యుద్ధములో కాక, సముద్ర ప్రమాదములో ఆయన మరణించాడు. ఆయనకు సమాధి లేదు.

ఈ వ్యాసములో మేము ఆయన జీవితమును సంగ్రహముగా పరిశీలించి, సంఘ కాపరులు ఎదుర్కొనే రెండు ప్రశ్నలను చర్చించదలిచాము. మొదటిది: ఆ విజయమును సువార్తకు దేవుడు తెరచిన ద్వారమని చెప్పవచ్చునా? రెండవది: ప్రమాదవశాత్తు సంభవించిన మరణమును గూర్చి సంఘము ఏమని మాటలాడవలెను?

1. ఐర్లండు నేపథ్యము

ఫోర్డ్ 1718 ప్రాంతములో ఐర్లండులో జన్మించాడు. ఆయన కుటుంబము డౌన్ కౌంటీలోని సీఫోర్డ్ అను గ్రామమునకు చెందిన భూస్వాముల కుటుంబము. ఆనాటి ఐర్లండు మతము పేరిట రెండుగా చీలిపోయిన దేశము. జనులలో అత్యధికులు కాథలిక్కులు. అధికారమును భూమిలో అధిక భాగమును ప్రొటెస్టెంటుల చేతిలో ఉండేవి. శిక్షా చట్టముల వలన కాథలిక్కులకు ఆయుధము పట్టే హక్కు గాని, రాజు సైన్యములో అధికారులయ్యే అవకాశము గాని లేదు. అందుచేత వేలాదిమంది కాథలిక్ ఐరిష్ యువకులు ఫ్రాన్సుకు వలసపోయి అక్కడి రాజు సైన్యములో చేరారు. ప్రొటెస్టెంటు కుటుంబముల యువకులు ఇంగ్లీషు రాజు సైన్యములో చేరారు.

ఈ చీలిక ఫలితము మన దేశములో కూడ కనబడింది. 1758లో భారతదేశమునకు ఫ్రెంచి సేనాధిపతిగా వచ్చిన లాలీ ఐరిష్ వలస కుటుంబమునకు చెందినవాడు. ఆయన తండ్రి ఐర్లండు విడిచి ఫ్రాన్సు చేరినవాడు. ఆయన పక్షమువారిని గోదావరి మండలములో ఓడించిన ఫోర్డ్ ఐరిష్‌వాడు. 1760 జనవరి 22న వందవాసి యుద్ధములో లాలీనే ఓడించిన ఐర్ కూట్ కూడ ఐరిష్‌వాడే. ఒకే దేశపు బిడ్డలు, ఒకే క్రీస్తు నామము ధరించినవారు, పరదేశపు రాజుల కొరకు, మరొక పరదేశపు నేలమీద ఒకరిపై ఒకరు తుపాకులు ఎక్కుపెట్టారు. సంఘము చీలినప్పుడు ఆ చీలిక ఎంత దూరము ప్రయాణము చేస్తుందో దీనిని బట్టి గ్రహింపవచ్చును.

ఫోర్డ్ 39వ పదాతి దళములో 1746 నాటికి కెప్టెన్, 1755లో మేజర్ అయ్యాడు. 1754లో మన దేశమునకు వచ్చిన ఆ దళము భారతదేశములో అడుగుపెట్టిన మొదటి ఇంగ్లీషు రాజసైనిక దళము. 1758లో దళమును వెనుకకు పిలిచినప్పుడు, క్లైవ్ కోరికపై ఫోర్డ్ రాజు కొలువు వదలి కంపెనీ కొలువులో చేరి బెంగాలుకు వెళ్లాడు.

2. యుద్ధకాలములో గోదావరి డెల్టా

ఐరోపాలో 1756 నుండి 1763 వరకు జరిగిన సప్తవర్ష సంగ్రామమునకు మన డెల్టాతో ఏమి సంబంధమని కొందరు అడుగవచ్చును. సంబంధము నేత బట్టతో వచ్చింది. కోనసీమలో వైనతేయ తీరమునగల బెండమూర్లంక, నరసాపురము చెంతనున్న మాధవాయిపాలెము, యానాము సమీపములోని ఇంజరము – ఈ మూడు చోట్ల ఇంగ్లీషువారికి వర్తక స్థావరములు ఉండేవి. ఇక్కడి సాలెవారు నేసిన బట్ట ఓడలమీద ఐరోపాకు వెళ్లేది. మాధవాయిపాలెము పేరు 'మడపోలం' అను రూపములో ఇంగ్లీషు, ఫ్రెంచి భాషలలో ఒక రకపు నూలు బట్టకు పేరైపోయింది. యానాములో ఫ్రెంచివారు, బందరులో ఇంగ్లీషు, ఫ్రెంచి, డచ్చివారు వర్తకము చేసేవారు.

హైదరాబాదు నవాబు సలాబత్ జంగు తన సింహాసనమును నిలిపిన ఫ్రెంచి సేనాని బుస్సీకి సైన్యము ఖర్చుల నిమిత్తము ఉత్తర సర్కారులను ఇచ్చివేశాడు. ఆవిధముగా కోనసీమ శిస్తు ఫ్రెంచి సిపాయిల జీతములకు వెళ్లసాగింది. 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధము జరిగింది. విజయనగరము రాజు విజయరామరాజు కోరికపై బుస్సీ బొబ్బిలి కోటను నాశనము చేయగా, కొన్ని దినములకే తాండ్ర పాపారాయుడు విజయరామరాజును సంహరించాడు. అదే సంవత్సరము బుస్సీ బెండమూర్లంకతో సహా ఆ మూడు ఇంగ్లీషు స్థావరములను, తరువాత విశాఖపట్టణమును పట్టుకున్నాడు. ఐరోపాలోని రాజుల తగవు ఈ విధముగా మన లంక గ్రామముల గుమ్మములోనికి వచ్చింది.

1758లో లాలీ బుస్సీని మద్రాసు వైపునకు పిలిపించి, కాన్‌ఫ్లాన్స్ అను అధికారిని అతని స్థానములో నియమించాడు. విజయరామరాజు వారసుడైన ఆనందరాజు ఇదే సమయమని భావించి విశాఖపట్టణమును ఫ్రెంచివారి నుండి పట్టుకొని, ఇంగ్లీషువారి సహాయము కోరాడు. లాలీ భయములోనున్న మద్రాసువారు ఏమియు చేయలేకపోయారు. బెంగాలు నుండి క్లైవ్ మాత్రము సుమారు 500 మంది ఐరోపా సైనికులను, 2,000 మంది సిపాయిలను ఇచ్చి ఫోర్డ్‌ను పంపాడు. 1758 అక్టోబరులో ఆయన విశాఖపట్టణములో దిగాడు. ఆనందరాజు సైన్యము ఖర్చులకు నెలకు 50,000 రూపాయలు ఇచ్చుటకు ఒప్పందము కుదిరింది. ఆ ధనము కూడ చివరకు రైతుల కళ్లములలో నుండి రావలసినదే అని మనము మరువరాదు.

3. చందుర్తి, బందరు

1758 డిసెంబరులో పిఠాపురము ప్రాంతములోని చందుర్తి వద్ద రెండు సైన్యములు ఎదురుపడ్డాయి. ఆ గ్రామము ఇప్పుడు కాకినాడ జిల్లాలో ఉన్నది. ఫోర్డ్ వెంట వచ్చిన బెంగాలు సిపాయిలు ఎర్రకోట్లు ధరించినవారు. అంతవరకు ఫ్రెంచివారు ఎర్రకోటు ధరించిన సిపాయిని చూడలేదు. ఎర్రకోటు ఉన్నవాడు తెల్లవాడే అని వారి లెక్క. నిజమైన ఐరోపా దళము నిలువెత్తు పెరిగిన చేని వెనుక కనబడకుండ ఉన్నది. ఫ్రెంచివారు సిపాయిలనే ఇంగ్లీషువారని తలంచి తమ బలమంతటితో వారిమీద పడ్డారు. సిపాయిలు తట్టుకొనలేక చెదరిపోయారు. వారిని తరుముతూ ముందుకు వచ్చిన ఫ్రెంచి దళము క్రమము తప్పి, చేని వెనుకనున్న దళమునకు చిక్కి ఓడిపోయింది. కాన్‌ఫ్లాన్స్ రాజమండ్రి దాటి బందరుకు పారిపోయాడు. కెప్టెన్ నాక్స్ వెళ్లి రాజమండ్రి కోటను వశపరచుకున్నాడు.

ఈ సంగతులను విస్తారముగా వ్రాసినవాడు కంపెనీ చరిత్రకారుడైన రాబర్ట్ ఆర్మ్. సేనానుల పేర్లు, ఫిరంగుల సంఖ్య ఆయన జాగ్రత్తగా లెక్కించాడు. మొదటి దెబ్బను కాచుకున్న ఆ సిపాయిలకు గాని, బల్లెములు విల్లులు పట్టుకొని వెంటవచ్చిన ఆనందరాజు తెలుగు బంట్లకు గాని మన చరిత్రలో పేర్లు లేవు. ఎర్రకోటు వారికి గౌరవ వస్త్రమని తొడిగి ఉండవచ్చు. ఆ దినమున అదే వారికి గురి అయింది.

గెలుపు తరువాత డబ్బు తగవు వచ్చింది. ఆనందరాజు ఒప్పుకున్న సొమ్ము ఇవ్వలేదు. విలువైన వారములు వ్యర్థముగా గడిచిపోయాయి. ఎట్టకేలకు 1759 జనవరి చివర ఫోర్డ్ రాజమండ్రి నుండి బయలుదేరి ఏలూరు చేరాడు. అక్కడనుండి నాక్స్‌ను నరసాపురము పంపగా, ఫ్రెంచివారు అక్కడి స్థావరమును ఖాళీచేసి పోయారు. మార్చి ఆరంభములో సైన్యము బందరు కోట ముందు దిగింది.

ఇక్కడ ఫోర్డ్ పరిస్థితి మిక్కిలి విషమముగా ఉన్నది. కోటలో ఉన్నవారి సంఖ్య ముట్టడించినవారి కంటె ఎక్కువ. కోట చుట్టు బురద నేల, ఒక ప్రక్క సముద్రపు పాయ. వెనుకనుండి సలాబత్ జంగు పెద్ద సైన్యముతో బెజవాడ వరకు వచ్చాడు. మరొక ఫ్రెంచి దళము రాజమండ్రిని తిరిగి పట్టుకొని దారి మూసివేసింది. జీతములు లేక ఐరోపా సైనికులు తిరుగబడి, కోటను విడిచి వెళ్లిపోతామని బెదిరించారు. ఫోర్డ్ వారికి నచ్చజెప్పి నిలిపాడు. ఏప్రిల్ 7వ తేదీకి ఫిరంగుల మందు రెండు దినములకు మాత్రమే మిగిలింది.

వెనుకకు పోవుటకు దారి లేదు గనుక ఆయన ముందుకు పోవుటకే నిశ్చయించాడు. ఆ రాత్రి సముద్రపు పోటు తగ్గిన సమయమున నాక్స్ దళము నైరుతి దిక్కున బురదలో దిగి దాడిచేస్తున్నట్లు చప్పుడు చేసింది. కోటలోనివారు అటు పరుగెత్తగా, అసలు దళము ఈశాన్యపు బురుజు ఎక్కింది. 1759 ఏప్రిల్ 8న తెల్లవారుసరికి కాన్‌ఫ్లాన్స్ లొంగిపోయాడు. సముద్రముమీద వస్తున్న ఫ్రెంచి సహాయ దళము కొద్ది దినములు ఆలస్యమైంది. ఇదే సమయమున తన తమ్ముడు నిజాం అలీ హైదరాబాదు వైపు కదలుచున్నాడని విని సలాబత్ జంగు తొందరపడి, మే 14న ఇంగ్లీషువారితో సంధి చేసుకున్నాడు. బందరు, నిజాంపట్టణము, కొండవీడు మొదలగు ప్రాంతములను వారికి ఇచ్చి, ఫ్రెంచివారిని ఇక దగ్గరకు రానీయనని వాగ్దానము చేశాడు. 1765లో ఢిల్లీ పాదుషా ఫర్మానాతో, 1766లో నిజాం అలీ సంధితో ఉత్తర సర్కారులు కంపెనీపరమయ్యాయి. కోనసీమ కూడ వాటిలో భాగమే.

4. ప్రతిఫలము, ప్రయాణము, మరణము

ఇంత చేసిన ఫోర్డ్‌కు దక్కినదేమి? ఆయన నియామకమును లండనులోని కంపెనీ డైరెక్టర్లు ఆమోదించలేదు. రాజు కొలువు ఆయన ముందే వదులుకున్నాడు. బెంగాలు తిరిగి వెళ్లి, 1759 నవంబరు 25న చిన్సురా సమీపమున బిదెర్రా వద్ద డచ్చి సైన్యమును ఓడించాడు. ఆ యుద్ధమునకు ముందు ఫోర్డ్ అనుమతి కోరి వ్రాయగా, పేకాట బల్ల వద్దనున్న క్లైవ్ లేవకుండానే పెన్సిలుతో జవాబు వ్రాసి, వెంటనే యుద్ధము చేయుమని, అధికారపత్రము మరునాడు పంపుదునని చెప్పినట్లు ఒక ప్రసిద్ధ కథనము ఉన్నది. దాని తరువాత ఫోర్డ్ తన దేశమునకు వెళ్లిపోయాడు.

1769లో కంపెనీ ఆయనను మరల పిలిచింది. బెంగాలులో కంపెనీ ఉద్యోగుల లంచగొండితనము, దోపిడి హద్దు మీరిపోగా, సర్వాధికారములతో ముగ్గురు పర్యవేక్షకులను పంపుటకు డైరెక్టర్లు తీర్మానించారు. మాజీ బెంగాలు గవర్నరు హెన్రీ వాన్సిటార్ట్, లూక్ స్క్రాఫ్టన్, ఫ్రాన్సిస్ ఫోర్డ్ – ఈ ముగ్గురు అరోరా అను యుద్ధనౌకలో ప్రయాణమయ్యారు. ఆ ఓడలో విలియం ఫాల్కనర్ అను కవి కూడ ఉద్యోగిగా ఉన్నాడు. ఆయన 1762లో ఓడ పగులుటను గూర్చి కావ్యము వ్రాసి పేరుపొందినవాడు. యౌవనములో ఒక ఓడ ప్రమాదము నుండి బ్రదికి బయటపడినవాడు.

అరోరా డిసెంబరు చివర కేప్ ఆఫ్ గుడ్ హోప్ రేవు విడిచింది. ఆ తరువాత ఓడ కబురు ఎవరికిని అందలేదు. కలకత్తాలో ఎదురుచూచినవారు నెలలు గడిచిన పిమ్మట ఆశ వదులుకున్నారు. చందుర్తి చేలలోను, బందరు బురదలోను గుండ్ల మధ్య నిలిచి బ్రదికినవాడు ఏ శత్రువు లేని సముద్రములో నశించాడు. ఓడ పగులుటను గూర్చి వ్రాసిన కవియు ఆయనతోకూడ నశించాడు. సరిగ్గా ఆ కాలముననే, 1769–70లో, బెంగాలులో ఘోరమైన కరవు వచ్చి లెక్కలేనంతమంది ఆకలితో చనిపోయారు. పాలనను చక్కబెట్టుటకు బయలుదేరినవారు చేరనేలేదు. ఒక ప్రమాదము అందులోనున్నవారితోనే అంతముకాదు.

5. కోరెషా, అష్షూరా?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాము. సంఘ వార్షికోత్సవములలోను, సువార్త చరిత్రను గూర్చిన ప్రసంగములలోను, దేవుడు ఇంగ్లీషువారికి విజయమిచ్చి తెలుగు దేశమునకు సువార్త ద్వారము తెరచెనను మాట తరచు వినబడుతుంది. కొందరు వారిని కోరెషు రాజుతో పోల్చుతారు. మేము ఈ పోలికతో ఏకీభవించలేకున్నాము. కారణములు మూడు.

మొదటిది, కాలక్రమము. బందరు పడిపోయినది 1759లో. మొదటి ప్రొటెస్టెంటు మిషనెరీలు విశాఖపట్టణములో స్థిరపడినది 1805లో. మధ్యలో నలుబదియారు సంవత్సరములు. ఆ కాలమంతయు కంపెనీ మిషనెరీలను ఆహ్వానించలేదు సరిగదా, అడ్డగించింది. కేరీ గారు డేన్మార్కువారి సేరంపూరులో ఆశ్రయము పొందవలసి వచ్చింది. క్రాన్, డెగ్రాంజెస్ గార్లు కూడ డేన్మార్కు ఓడలో తరంగంబాడికి వచ్చి, అక్కడనుండి తెలుగు దేశము చేరారు. 1813 చట్టము వచ్చినదాక మిషనెరీలకు చట్టబద్ధమైన ద్వారము లేదు. కాబట్టి విజేతలు ద్వారము తెరిచారనుట చరిత్రకు విరుద్ధము.

రెండవది, ఉద్దేశము. కోరెషు బంధింపబడినవారిని విడిపించి స్వదేశమునకు పంపాడు. కంపెనీ బట్ట కొరకు, శిస్తు కొరకు యుద్ధము చేసింది. పోలిక కావలెనంటే యెషయా 10వ అధ్యాయములోని అష్షూరు మరింత తగినది. అష్షూరు దేవుని చేతిలో దండమే. అయితే అతని హృదయాలోచన వేరు, అతని గర్వమునకు తీర్పు తప్పలేదు. దేవుడు ఒకనిని వాడుకొనుట అతని క్రియలకు ఆమోదముద్ర కాదు.

మూడవది, సాక్ష్యము. సువార్త తుపాకి వెంట వచ్చినదను ఆరోపణ మన పొరుగువారి నోట నేటికిని వినబడుచున్నది. యుద్ధ విజయములను మనమే సంఘ చరిత్రలో మొదటి అధ్యాయముగా చెప్పుకొన్నయెడల ఆ ఆరోపణకు సాక్షులము మనమే అవుతాము. బౌడెన్, బీర్ గార్లు సైన్యముతో రాలేదు. వారు ఏ మిషన్ సంఘపు జీతము లేకుండ విశ్వాసముతో వచ్చి, భాష నేర్చుకొని, పల్లెలు తిరిగారు. మన మొదటి అధ్యాయము అది.

6. సిలోయము గోపురము

రెండవ ప్రశ్న కాపరికి మరింత సమీపమైనది. లూకా సువార్త 13వ అధ్యాయము ఆరంభములో ప్రభువు రెండు విధములైన మరణములను ప్రస్తావించాడు. ఒకటి, పిలాతు చేతిలో హతులైన గలిలయుల మరణము. అది కత్తి వలన కలిగినది. రెండవది, సిలోయములో గోపురము కూలి పదునెనిమిది మంది చనిపోవుట, అది ప్రమాదము. ఆ చనిపోయినవారు మిగిలినవారికంటె ఎక్కువ పాపులా అను ప్రశ్నకు రెండు సందర్భములలోను ఆయన కాదనియే చెప్పి, వినువారిని మారుమనస్సునకు పిలిచాడు.

ఫోర్డ్ కథలో ఈ రెండు మరణములు ప్రక్కప్రక్కన ఉన్నవి. సిపాయిలు కత్తికి పడిపోయారు. సేనాని ప్రమాదమునకు పడిపోయాడు. సేనాని సముద్రములో మునిగినది సిపాయిల రక్తమునకు ప్రతిఫలమని చెప్పుట సులభము. వినుటకు న్యాయముగా కూడ తోచును. అయితే అదే ఓడలో ఫాల్కనర్ ఉన్నాడు. పేరు తెలియని నావికులు ఉన్నారు. వారు ఎవరి రక్తమునకు ఉత్తరవాదులు? ప్రభువు మూసివేసిన ఈ లెక్కను మనము తిరిగి తెరువరాదు.

కోనసీమలో పరిచర్య చేయు కాపరులకు ఇది దూరపు సంగతి కాదు. పంటు మునిగినప్పుడు, తుపానులో వేటకు వెళ్లిన పడవ తిరిగి రానప్పుడు, గల్ఫు దేశములో పనికి వెళ్లిన కుమారుడు ప్రమాదములో చనిపోయినప్పుడు, మొదట ఆ ఇంటికి వెళ్లవలసినవాడు కాపరి. ఆ ఇంటివారి మనస్సులో మొదట కలుగు ప్రశ్న, మేము ఏమి పాపము చేశామని. ఇరుగుపొరుగు నోట కూడ అదే మాట. దేహము దొరకని ఇంట దుఃఖమునకు ఒక హద్దు కూడ ఉండదు. అక్కడ కారణములు వివరించుట కాపరి పని కాదు. సముద్రము తనలోనున్న మృతులను అప్పగించునని ప్రకటన గ్రంథము చెప్పుచున్నది గనుక, సమాధి లేని మృతుడు కూడ దేవుని జ్ఞాపకములో ఉన్నాడని ధైర్యము చెప్పుట, మౌనముగా వారితో కూర్చుండుట, తరువాత కూడ విడువక వెళ్లుచుండుట ఆయన పని.

ముగింపు

ఫ్రాన్సిస్ ఫోర్డ్ సమర్థుడైన సైనికుడు. ధైర్యములోను, తిరుగబడిన సైన్యమును నిలబెట్టుటలోను ఆయనకు లోపము లేదు. అయినను ఆయనను మన సంఘ చరిత్రలో వీరునిగా నిలుపుటకు గాని, ఆయన మరణమును తీర్పుగా ప్రకటించుటకు గాని ఆధారము లేదని మా అభిప్రాయము. చరిత్రను బోధించునప్పుడు మనము చేయదగినవి మూడు: తేదీలను సరిగా చెప్పుట, పేరులేనివారిని కూడ లెక్కించుట, దేవుడు చెప్పని కారణములను ఆయన నోట పెట్టకుండుట.

వేదాంత విద్యార్థులు తమ మండలములలోని పాత స్థావరములను, కోటలను, సమాధి స్థలములను ఈ దృష్టితో పరిశీలించవలెనని కోరుచున్నాము. బెండమూర్లంక, యానాము, నరసాపురము, బందరు కోట – ఇవన్నియు మన సంఘముల నడుమనే ఉన్నవి. అక్కడ రాతిమీద చెక్కబడిన పేర్లు కొన్నే. చెక్కబడనివారి కొరకు కూడ ప్రభువు ప్రాణము పెట్టెనని నమ్ము మనము, వారిని మరచి చరిత్ర వ్రాయలేము.